తడి చెయ్యి

ఇంట్లో ఉన్న షాంపూ సీసా తిప్పి వెనక వైపు చదవండి. పదార్థాల పట్టికలో మొదట కనిపించే పేరు నీళ్లదే. చాలా సీసాల మీద ‘ఆక్వా’ అని ఉంటుంది. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి కనుక, మనం డబ్బు పోసి ఇంటికి మోసుకొస్తున్న దాంట్లో పెద్ద వాటా నీళ్లకే పోతోంది. నీళ్లుంటే క్రిములు చేరతాయి, అందుకని నిల్వ ఉంచే మందులు కలుపుతారు. నీళ్లు కారకూడదు, అందుకని ప్లాస్టిక్ సీసా. ఆ నీళ్లు మన కుళాయిలోనే ఉన్నాయి. పొదుపు గురించి నా ఆలోచన అక్కడే మొదలవుతుంది.

మన పెద్దల స్నాన సామగ్రి అంతా పొడిదే. కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి, అన్నీ ఎండినవే. వాడుకునే ముందు మాత్రమే వాటిలో నీళ్లు పడేవి. వంటింటి అటక మీద దాచిన ఒరుగులు, వడియాలు, ఊరమిరపకాయలూ అలాంటివే. ఇన్నేళ్లుగా రెండూ చేస్తూ వస్తున్నాను కనుక గట్టిగా చెప్పగలను: స్నానాల గదిదీ వంటింటిదీ ఒకటే విద్య. ఉన్న తడిని తియ్యాలి, తీశాక మళ్లీ చేరనివ్వకూడదు. మా పెద్దమ్మ ఊరగాయ జాడీ దగ్గర కాపలా ఉండి, “చెయ్యి తుడుచుకున్నావటే?” అని అడిగిన తరవాతే వాసెన విప్పనిచ్చేది. సున్నిపిండి డబ్బా దగ్గరా అదే ప్రశ్న.

కుంకుడుకాయల సంగతే తీసుకోండి. వానాకాలంలో కొట్టబోతే తొక్క జిగురెక్కి రాయికి అంటుకుపోతుంది, గింజ ఊడదు. మార్చి, ఏప్రిల్ ఎండలో రెండు రోజులు పడేస్తే కాయ పెళుసెక్కి, ఒక్క దెబ్బకి పగిలి నల్లటి గింజ దొర్లిపోతుంది. అందుకని ఏడాదికి సరిపడా ఈ రోజుల్లోనే కొట్టి, గింజలు ఏరేసి, తొక్కల్ని ఇంకోసారి ఎండబెట్టి డబ్బాకెత్తుకోవాలి. పొడి చేసుకునేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ ఘాటుకి తుమ్ములు ఆగవు. తలంటుకునే పూట గుప్పెడు తొక్కలు వేడినీళ్లలో నానేసి, చేత్తో పిసికి వడకడితే చాలు. నురగనిచ్చేవి అందులోని సపోనిన్లు, జిడ్డు వదిలించేవీ అవే. కుంకుడు రసం జుట్టు పెంచుతుందనో, తెల్లవెంట్రుకలు ఆపుతుందనో నేను చెప్పను. తల శుభ్రపడుతుంది, నాకు అది చాలు. చంటిపిల్లలకి మాత్రం జాగ్రత్త, కళ్లలో పడితే భరించలేరు. మిగిలిన రసం దాచాలని చూడకండి. మర్నాటికే పులుస్తుంది. తడి తగిలిందంటే ఆ పూటకి వాడేయాల్సిందే.

సున్నిపిండికి పెసలు, శనగపప్పు, కొద్దిగా బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండిన గులాబి రేకులు. బత్తాయి, నారింజ తొక్కలు పారేయకుండా ఎండబెట్టి ఇందులోనే కలుపుతాను. కొందరు బావంచాలు కూడా వేస్తారు. వాటిలో సొరాలిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి పట్టి ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. రోజూ వాడే పిండిలో నేను వాటిని వేయను. దినుసులన్నీ గలగలలాడేదాకా ఎండితేనే మరకి పంపాలి. మర దగ్గర ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ముందు కారం ఆడించిన మరలో మీ సున్నిపిండి పోయించుకుంటే, స్నానం చేసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. పొద్దున్నే, మర కడిగి ఆరిన తరవాత, మొదటి వాయి మీది పోయించుకోండి.

కొన్ని మాత్రం ఇంట్లో చేయకపోవడమే మంచిది. బొగ్గుపొడి, ఇటికపొడి పళ్ల మీద పింగాణీని అరగదీస్తాయి. పళ్లకి ఫ్లోరైడ్ ఉన్న పేస్టే కొంటాను. ఎండ నుంచి కాపాడే క్రీము ఇంట్లో కుదరదు. సబ్బు చేయడం కుదురుతుంది గానీ, కాస్టిక్ సోడాతో వ్యవహారం. కిలో కొబ్బరినూనెకి దాదాపు 175 గ్రాముల సోడా, ఇంచుమించుగా వేస్తే చర్మం కాలుతుంది. సోడాని నీళ్లలో వేయాలి తప్ప నీళ్లని సోడా మీద పోయకూడదు, అల్యూమినియం గిన్నె ముట్టకూడదు. తూకం, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేని ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు.

ఇక పెరడు. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోట గురించి చెబుతూ వచ్చాక మన పట్టణాల్లో డాబాల మీద కుండీలు బాగా పెరిగాయి. తోట పెట్టిన వాళ్లందరికీ ఒక్కటే ఇబ్బంది: కాస్తే ఒక్కసారే కాస్తుంది. బజారుదీ అదే తీరు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాట 150 రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమలో రైతులు గిట్టుబాటు కాక అదే టమాటని రోడ్డు మీద పారబోశారు. ధర పడిపోయినప్పుడు కొని దాచుకునే ఇల్లు రైతుకీ కాస్త ఆసరా అవుతుంది, ఆ ఇంటికి ఆషాఢంలో బెంగా ఉండదు.

టమాటలో నూటికి 94 పాళ్ల దాకా నీళ్లే. కిలో పళ్లు ఎండితే గుప్పెడవుతాయి. గట్టి పళ్లు ఏరి, గుండ్రంగా మందపాటి చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, ఉతికిన పంచె మీద ఒకదానికొకటి తగలకుండా పరచాలి. పైన పల్చటి గుడ్డ కప్పాలి. మొదటి సాయంత్రానికి అంచులు ముడుచుకుంటాయి, మధ్యలో గింజల చుట్టూ ఇంకా జిగట మెరుస్తుంటుంది. పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేయండి. రాత్రి మంచు తగిలితే పగటి ఎండంతా వృథా. రెండోనాడు తిరగేయాలి. మూడోనాటికో నాలుగోనాటికో ముక్క తోలులా వంగుతుంది, వేళ్ల మధ్య నొక్కితే చెమ్మ తగలదు. అప్పటికీ తొందరపడకూడదు. ఎండలోంచి తెచ్చిన వేడి మీద డబ్బాలో పోస్తే మూత లోపల చెమట పడుతుంది, నెల తిరక్కుండా బూజొస్తుంది. నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు ఎత్తి పెట్టండి. పప్పులో నాలుగు ముక్కలు వేసి ఉడికిస్తే పచ్చి టమాటలో లేని చిక్కటి పులుపు వస్తుంది. ఆ రుచి కోసం చవక లేకపోయినా చేస్తాను.

గోరుచిక్కుడు, కాకర అయితే ఉప్పు కలిపిన మజ్జిగలో ఓ ఉడుకు రానిచ్చి ఎండబెట్టాలి. వంకాయకి ఉప్పునీళ్లు చాలు.

ఆవకాయ గురించి ఈ కాలమ్‌లో కొత్తగా చెప్పేదేమీ లేదు, మాగాయ గురించి ఉంది. తడి తీసే విద్య దానిలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. ముక్కలు ఉప్పు, పసుపులో ఊరితే ఉప్పు వాటిలోని నీటిని లాగి బయటికి తెస్తుంది, అదే ఊట. మూడోనాడు ముక్కల్ని పిండి విడిగా, ఊటని విడిగా ఎండలో పెడతాం. ఊట చిక్కబడుతుంది, ముక్క వడలుతుంది. ఆ తరవాతే రెండూ మళ్లీ కలిసి కారాన్నీ మెంతిపిండినీ పీల్చుకుంటాయి. మామిడి పులుపు, ఉప్పు కలిసి కాపాడతాయి కనుక నూనె కింద ఏడాది నిలుస్తుంది. ఇది చూసి పులుపులేని వాటికీ ఇదే చాలనుకోవద్దు. పచ్చి వెల్లుల్లి రెబ్బల్ని వట్టి నూనెలో ముంచి బయట పెడితే, గాలి తగలని ఆ అడుగున బాట్యులిజం విషం పుట్టవచ్చు. రంగులో, వాసనలో తేడా కూడా తెలియకపోవచ్చు.

ఈ పనుల పొదుపు లెక్క వేసేటప్పుడు ఒక పద్దు ఎప్పుడూ రాయరు. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి గుడ్డలు తిరగేసేది, మబ్బు పట్టగానే పరుగెత్తేది, కుంకుళ్లు కొట్టేది ఎవరు? నాకు తెలిసిన ఇళ్లలో అమ్మలు, అత్తలు. ఇంటాయన ఉల్లిగడ్డ కూడా తరగని ఇంట్లో పొదుపు పేరుతో ఈ బరువంతా ఒక్క మనిషి మీద పడితే, నేను ఆమె పక్షాన నిలబడి సబ్బు కొనుక్కోమంటాను. ఊరగాయలు డ్వాక్రా మహిళల దగ్గర కొనుక్కోమంటాను. అందరూ కూర్చుంటే మాత్రం ఈ పని వేరు. కుంకుళ్లు కొట్టడం, మామిడికాయలు కత్తిపీటతో టెంకతో సహా నరకడం మగవాళ్లు చేయదగ్గ పనులే, చేసేవాళ్లు ఉన్నారు కూడా. గింజలు ఏరడం పిల్లలు అడక్కుండానే చేస్తారు, వాళ్లకి ఆడుకోవడానికి ఆ గింజలు కావాలి.

ఇంకో అడ్డంకి ఉంది. ఉత్తరాలు రాసే పాఠకుల్లో అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎక్కువగా చెప్పేది అదే: డాబా తలుపుకి తాళం. పైన ట్యాంకులున్నాయని, పిల్లలు ఎక్కుతారని అసోసియేషన్లు వేస్తాయి. భయం న్యాయమైనదే. బాల్కనీలో వచ్చే రెండు గంటల ఎండకి మాత్రం ఏ ఒరుగూ ఎండదు, సగం ఎండి బూజు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తాళం తీసి ఉంచమని, వంతులవారీగా ఒకరు పైన కనిపెట్టుకుని ఉంటామని ఈ నెల సమావేశంలో అడగండి. ఒక్కరే వెళితే వినరు, పక్క ఫ్లాట్ల వాళ్లని నలుగురిని కలుపుకుని వెళ్లండి. కుంకుళ్లు ఇప్పటికే బజారుకొచ్చాయి.