అరవై కోర్ల కార్డు

ఈ వారం నాకు చిరాకు తెప్పించిన ప్రశ్న: "ఏ కార్డులో ఎక్కువ కోర్లుంటాయి అంకుల్?" మా అపార్ట్‌మెంట్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు పారలల్ కంప్యూటింగ్ నేర్చుకోవాలనుకున్నాడు. పీసీలో గుచ్చే మల్టీప్రాసెసర్ బోర్డు కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ అంతా గాలించాడు. ఏ కొట్లో అడిగినా గేమింగ్ కార్డే చూపించారట. చివరికి ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ జియాన్ ఫై కార్డు ఒకటి కనబడిందని ఫొటో పట్టుకొచ్చాడు.

నా పాత పాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది: ముందు పనిని పంచడం తెలియాలి, తర్వాతే ప్రాసెసర్లు. 1967లో జీన్ ఆమ్‌డాల్ తేల్చిన లెక్కే అది. ప్రోగ్రాంలో 5 శాతం పని ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సిందైతే, వెయ్యి ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. పెళ్లివంటకు ఎంతమంది దిగినా ఎసరు మరిగేదాకా చేతులు కట్టుకు నిలబడాల్సిందే కదా.

బోర్డంటే ట్రాన్స్‌ప్యూటర్ బోర్డే అన్నది నా రెండో పాట. బ్రిస్టల్‌లోని ఇన్మోస్ కంపెనీ చేసిన టీ800 ట్రాన్స్‌ప్యూటర్ చిప్పుకి లోపలే కాస్త సొంత మెమరీ, పక్క చిప్పులతో మాట్లాడ్డానికి నాలుగు లింకులు ఉండేవి. వాళ్లదే బీ008 బోర్డు పీసీ స్లాట్‌లో కూర్చునేది. దానిమీద చిన్న మాడ్యూళ్లు పది దాకా పట్టేవి. జేబుకు తగ్గట్టు ఇవాళ ఒకటి, వచ్చే ఏడాది ఇంకోటి. ఎవరు ఎవరితో మాట్లాడాలో మనమే తేల్చాలి. అవతలివాడు అందుకునేదాకా పంపేవాడు ఆగుతాడు. ఇద్దరూ ఒకేసారి పంపుతూ కూర్చుంటే ప్రోగ్రాం అలాగే బిగుసుకుపోతుంది. మన దేశం కోరిన క్రే సూపర్‌కంప్యూటర్‌ను అమెరికా ఇవ్వనన్నాక, పుణేలో సీడాక్ 1991లో తెచ్చిన పరమ్ 8000 లోపల ఉన్నవీ ట్రాన్స్‌ప్యూటర్లే.

కుర్రాడి ఫొటోలో ఉన్నది జియాన్ ఫై 5110పీ. 2012 నాటిది. 60 కోర్లు, 8 జీబీ సొంత మెమరీ, కార్డులోనే నడిచే లినక్స్. ఫ్యాన్ మాత్రం ఉండదు. సర్వర్ డబ్బాలో హోరుమని వీచే గాలిని నమ్ముకుని చేసిన కార్డది, 225 వాట్లు. బయోస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' లేని మదర్‌బోర్డుతో పొసగదు. దాని డ్రైవర్లను లినక్స్ కెర్నల్ నుంచి 2020లో తీసేశారు కూడా.

వద్దనే చెప్పబోయాను. నీ ల్యాప్‌టాప్‌లో ఎనిమిది కోర్లున్నాయిగా, వాటితో ఏం చేశావో చూపించమన్నాను. ఫర్ లూప్ నెత్తిన పనిని కోర్లకు పంచే ఒక్క ఓపెన్‌ఎంపీ లైను పెట్టాడు. వేగం నాలుగు రెట్లయింది. ఎనిమిది ఎందుకు కాలేదంటే తెల్లమొహం వేశాడు. ఆ కోర్లన్నీ ఒకే మెమరీ మీద పడతాయి. డేటా ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో కంటికి ఆనదు. విడి కార్డయితే ప్రతి బైటునూ స్లాట్ దాటించాలి, జవాబును వెనక్కి తెచ్చుకోవాలి. లెక్క కంటే రవాణాకే ఎక్కువ సమయం పట్టడం వాడు చూడాలి.

అందుకే కొనుక్కోమన్నాను. ముందు మదర్‌బోర్డు సంగతి కనుక్కోమని, కార్డు వెనక గట్టి బ్లోయర్ బిగించమని, పాత లినక్స్ ఎక్కించమని చెప్పాను. మ్యాట్రిక్స్ గుణకారాలు తర్వాత. మొదటి ప్రోగ్రాం ఒక్క అంకెను కార్డులోకి పంపి వెనక్కి తెప్పించాలి, ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కాగితం మీద రాయాలి. ఆ తర్వాత పది లక్షల అంకెలు పంపి, దాని కిందే మళ్లీ రాయాలి.