గ్లైసిన్ జోడించే పనివాడు

కొనుక్కొచ్చిన పచ్చడి సీసా మీద ‘ఐఎన్‌ఎస్ 211’ అని ఉంటే అందులో సోడియం బెంజోయేట్, అంటే బెంజోయిక్ ఆమ్లపు లవణం, కలిపారన్నమాట. తిన్న కొన్ని గంటల్లోనే అది దాదాపుగా అంతా మూత్రంలో పోతుంది. పోయేటప్పుడు మాత్రం అది హిప్యూరిక్ ఆమ్లం. 1842లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త వోలర్ శిష్యుడు కెల్లర్ స్వయంగా బెంజోయిక్ ఆమ్లం మింగి మరీ ఈ మార్పును రుజువు చేశాడు. ఆ మార్పు చేసే ఎంజైమ్ పేరు గ్లైసిన్ ఎన్-అసైల్‌ట్రాన్స్‌ఫరేజ్. పేరుకు నోరు తిరగదు గానీ, పనితనం చూడముచ్చటగా ఉంటుంది.

దీని మకాం కాలేయ కణాల్లోని మైటోకాండ్రియా. బెంజోయిక్ ఆమ్లం తనంతట తాను గ్లైసిన్‌తో కలవదు. ముందు మరో ఎంజైమ్ కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి, దానికి కోఎంజైమ్-ఏ అనే సహాయక అణువును గంధకపు బంధంతో తగిలిస్తుంది. ఆ బంధం తేలిగ్గా తెగుతుంది. తెగడానికే వేసిన ముడి అది. అప్పుడు మన పనివాడు కోఎంజైమ్-ఏను విడదీసి, అదే చోట గ్లైసిన్ నత్రజనిని గట్టి అమైడ్ బంధంతో బిగిస్తాడు. అమైనో ఆమ్లాల్లోకెల్లా చిన్నది గ్లైసిన్. ఒంట్లోనే తయారవుతుంది కూడా. కోళ్లు ఇదే పనికి ఆర్నిథిన్‌ను వాడతాయి.

విషం విరిచే ఎంజైమ్ అని దీన్ని పొగుడుతుంటారు. నాకైతే అంతకన్నా గొప్ప పని కోఎంజైమ్-ఏను వెనక్కి రాబట్టడమే అనిపిస్తుంది. కొవ్వును కరిగించి శక్తి తీయాలన్నా కణానికి అదే కావాలి. అదంతా బెంజోయేట్‌కు అతుక్కుపోయి కూర్చుంటే ఇంటి పని ఆగిపోతుంది.

నెలలు నిండని పసికందుల్లో ఈ ఎంజైమ్‌కు ఇంకా చేవ ఉండదు. సెలైన్ గొట్టాలు కడిగే ద్రవంలో బెంజైల్ ఆల్కహాల్ నిల్వమందుగా కలపడంతో, అది ఒంట్లో బెంజోయిక్ ఆమ్లంగా మారి పేరుకుపోయి, కొందరు శిశువులు ఊపిరందక ఎగశ్వాసతో చనిపోయారని 1982లో అమెరికా వైద్యులు గుర్తించారు.

అదే బెంజోయేట్ మరోచోట మందు. పుట్టుకతోనే అమ్మోనియాను వదిలించే యూరియా చక్రం దెబ్బతిన్న పిల్లల రక్తంలో అమ్మోనియా పెరిగిపోతుంది. వాళ్లకు డాక్టర్లు కొలత ప్రకారం సోడియం బెంజోయేట్ ఇస్తారు. తయారైన ప్రతి హిప్యూరిక్ ఆమ్ల అణువూ గ్లైసిన్ రూపంలో ఒక నత్రజని పరమాణువును మూత్రంలోకి మోసుకుపోతుంది. బెంజోయేట్‌కు బదులు ఫినైల్ ఎసిటేట్ ఇస్తే మనిషి శరీరం దానికి గ్లుటమిన్‌ను తగిలిస్తుంది. అప్పుడు ఒక్కో అణువుతో రెండేసి నత్రజనులు పోతాయి.