ఊరికో శ్రుతి: మినంగ్‌కబావ్ సంగీతం గురించి కొన్ని ఆలోచనలు

ఏ ప్రాంతపు సంగీతం గురించి రాసినా చాలామంది ఒక సులువైన దారి పడతారు. ఎడారి వాళ్ళ పాటలో దాహం ఉందంటారు. సముద్రతీరం వాళ్ళ పాటలో అలల ఊపు ఉందంటారు. కొండప్రాంతం వాళ్ళ పాటలో మంచూ, ఒంటరితనమూ వినిపిస్తాయంటారు. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, ఫలానా వాయిద్యం ఆ ఊళ్ళోనే ఎందుకుంది, పక్క ఊళ్ళో ఎందుకు వేరేగా మోగుతుంది అని అడిగితే ఈ మాటల దగ్గర జవాబు ఉండదు. ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాకు చెందిన మినంగ్‌కబావ్ ప్రజల సంగీతం గురించి కూడా ఇలాంటి వ్యాఖ్యలే ఎక్కువ కనిపిస్తాయి. కొండలు, వాన, వెదురు వేణువు, విషాదం: నాలుగు మాటల్లో తేల్చేస్తారు. నేనా ఊళ్ళకు వెళ్ళలేదు. కొన్నేళ్ళుగా రికార్డింగులు వింటున్నాను, దొరికిన పుస్తకాలు చదువుతున్నాను. ఆ నాలుగు మాటలు ఎందుకు చాలవో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఊరి సంగతి. పదాంగ్ పన్జాంగ్ చిన్న పట్టణం. సముద్రమట్టానికి 650 నుంచి 850 మీటర్ల ఎత్తులో, మరాపి, సింగలాంగ్, తందికత్ అనే మూడు అగ్నిపర్వతాల మధ్య ఉంటుంది. విపరీతంగా కురుస్తుంది కనక ‘వాన ఊరు’ అని పేరు. ఇస్లామిక్ విద్యకి పెట్టింది పేరు కాబట్టి ‘మక్కా వాకిలి’ అని ఇంకో పేరు. రహ్మా అల్ యూనుసియా అనే ఆవిడ 1923లో ఆడపిల్లల కోసం స్థాపించిన దినియ్యా పుత్రి పాఠశాల ఇక్కడిదే. ఒంబిలిన్ బొగ్గుని రేవుకి చేర్చడానికి డచ్చివాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన కొండ రైలుమార్గానికి ఇది కూడలి. ఆ గనులనూ రైలుమార్గాన్నీ యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే ఇది లోకానికి దూరంగా మంచులో ముడుచుకుని కూర్చున్న ఊరు కాదు. తీరం నుంచి వచ్చే దారీ, పీఠభూమి నుంచి దిగే దారీ కలిసే చోటు.

ఇక సలువాంగ్ అనే వెదురు వేణువు. రెండు చివరలూ తెరిచే ఉంటాయి. నాలుగే రంధ్రాలు. పెదవిని అంచుకి ఏటవాలుగా ఆనించి ఊదుతారు. ఊపిరి తీసుకోవడానికి పాట ఆపరు. బుగ్గల్లో నిలవ ఉంచిన గాలిని బయటికి నెడుతూ అదే సమయంలో ముక్కుతో గాలి పీల్చుకుంటారు. మన పల్లెల్లో పాములవాడు నాగస్వరం ఊదుతున్నప్పుడు బుగ్గలు ఉబ్బి ఉండటం చూసే ఉంటారు. కిటుకు అదే. అందుకే వేణునాదం తెగని దారంలా సాగిపోతూ ఉంటే, దాని మీద గాయని పాట అల్లుకుపోతుంది. ఈ పాటను దెందాంగ్ అంటారు. ఆనవాయితీగా రాత్రి కచేరీ మొదలయ్యేది ‘సింగలాంగ్’ అనే పాటతో. అది పక్కనున్న కొండ పేరు, ఆ వాలు మీద ఉన్న ఊరి పేరు కూడా. తర్వాత వచ్చే పాటల్లోనూ చాలావాటికి ఊళ్ళ పేర్లే.

ఇక్కడే విషాదం సిద్ధాంతం తడబడుతుంది. ఆ పాటల్లో దిగులు ఉన్నమాట నిజమే, కానీ అది మంచువల్ల వచ్చింది కాదు. మినంగ్‌కబావ్ సమాజంలో వంశమూ, పూర్వీకుల భూమీ తల్లి వైపు నుంచి కూతుళ్ళకి వెళతాయి. పాతరోజుల్లో ఎదిగిన మగపిల్లాడికి తల్లి ఇంట్లో పడుకోవడానికి చోటుండేది కాదు. రాత్రిళ్ళు సురావ్ అనే ప్రార్థనామందిరంలో పడుకునేవాడు. కొన్నాళ్ళకి పొట్ట చేతపట్టుకుని ఊరు దాటేవాడు. ఈ వలసకి ‘మెరంతావ్’ అని పేరు, అది వాళ్ళకి దాదాపు ఒక సంస్కారం లాంటిది. పాటలో ఊరి పేరు వస్తే అది ఊరి వర్ణన కోసం కాదు, ఊరు విడిచినవాడికోసం. ప్రదేశం సంగీతాన్ని మలిచింది, నిజమే. కాకపోతే మలిచింది కొండ ఎత్తు కాదు, కొండ మీది భూమి ఎవరి పేర ఉందన్న లెక్క.

పైగా ఆ రాత్రంతా ఏడుపే అనుకుంటే పొరపాటు. ‘బగురావ్’ అనే ఈ కూటాల్లో శ్రోతలు డబ్బిచ్చి ఫలానా పాట పాడమంటారు. అవతలి ఊరివాళ్ళ మీద చురకలు వేయిస్తారు. గాయని అప్పటికప్పుడు పంతున్ పద్యాలు కట్టి పాడుతుంది. ఎవరు ఏ ఊరివాళ్ళో తెలియకపోతే ఆ హాస్యం సగం అందదు. అందుకే సీడీలతో ఒక చిక్కుంది. ఫిలిప్ యాంపోల్‌స్కీ స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ సంస్థ కోసం చేసిన ‘మ్యూజిక్ ఆఫ్ ఇండోనేషియా’ వరసలో ఆరో సంపుటం, 1994లో వచ్చింది, పశ్చిమ సుమత్రా రాత్రి సంగీతం మీదే. కొండల సలువాంగ్‌నీ, తీరంలోని పరియమాన్ రబాబ్‌నీ, పదాంగ్ శివార్లలోని దెందాంగ్ పౌవాని ఒకే చోట వినిపిస్తుంది. వివరమైన నోట్స్ ఉన్నాయి. ఈ సంగీతం మొదటిసారి వినాలనుకునేవాళ్ళకి నేను అదే చెబుతాను. కానీ సీడీలో పట్టేది గంటకి కాస్త పైన. ఇషా నమాజు తర్వాత మొదలై తెల్లవారుజాము దాకా సాగే రాత్రిలో అది ఒక ముక్క. మనకి అందేది గాత్రమూ వేణువూ. అందనిది, డబ్బిచ్చి పాట అడిగినవాడి ముఖమూ, చురక తగిలినవాడి ముఖమూ.

ఊరు సంగీతంలో మరింత లోతుగా దిగిన తావు తలెంపోంగ్. ఇవి చేతిలో ఇమిడే కంచు, ఇత్తడి గంటలు, మధ్యలో బుడిపెతో ఉంటాయి. తలెంపోంగ్ పచిక్ అనే పద్ధతిలో ముగ్గురు వాయిద్యకారులు తలా ఒకటో రెండో గంటలు చేత్తో పట్టుకుని నడుస్తూ కొడతారు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం బాణీ ఉండదు. ఒకరు వదిలిన ఖాళీలో రెండోవారి దెబ్బ, ఆ ఇద్దరి మధ్యలో మూడోవారి దెబ్బ పడితే పాట తయారవుతుంది. పెళ్ళి ఊరేగింపు పొలంగట్ల మీదుగా వెళుతుంది కాబట్టి చేత పట్టే వాయిద్యం కావలసి వచ్చింది. మరాపి పాదాన సుంగై పువార్ అనే లోహకారుల ఊరు ఉంది కాబట్టి గంటలు దొరికాయి. మరాపి బూడిద వల్ల సారవంతమైన నేలలో వరి పండుతుంది కాబట్టి, కోతలయ్యాక వరి గడ్డితోనే పుపుయిక్ అనే బూర చేసుకుని ఊదుకున్నారు. అలాగని ఆ కొండను అందమైన తెరలా చూడకూడదు. 2023 డిసెంబరులో మరాపి పేలి 24 మంది పర్వతారోహకులు చనిపోయారు. 2024 మేలో భారీవానకి ఆ బూడిదా బండరాళ్ళూ వరదలై దిగి, చుట్టుపక్కల జిల్లాల్లో అరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి.

తలెంపోంగ్ గురించి ముఖ్యమైన సంగతి శ్రుతి. వాళ్ళ భాషలో స్వయంపాలన ఉన్న గ్రామాన్ని ‘నగరి’ అంటారు. మన మాటే, సంస్కృతం నుంచి అక్కడికీ వెళ్ళింది. ఒక నగరి తలెంపోంగ్ శ్రుతి ఇంకో నగరి శ్రుతితో కలవదు. కలవాలని ఎవరూ అనుకోలేదు కూడా. మా ఊరి గంటలు ఇలాగే మోగాలి అన్న రుచి ఆ ఊరివాళ్ళది. సరిగమలతోనో, పియానో మెట్లతోనో కొలిచి ‘అపశ్రుతి’ అనేవాడు అక్కడ కొలతే తప్పుగా తెచ్చుకున్నాడన్నమాట.

ఇలాంటి చోట 1960లలో ప్రభుత్వ సంగీత కళాశాల వెలిసింది. అదీ పదాంగ్ పన్జాంగ్‌లోనే. పేర్లు మారుతూ ఇప్పుడది ఇండోనేషియా కళాసంస్థ. 1958-61 మధ్య జకార్తా మీద జరిగిన పీఆర్ఆర్ఐ తిరుగుబాటు ఓడిపోయాక, తమకీ దేశంలో గౌరవమైన చోటుందని చూపించుకోవలసిన అవసరం మినంగ్‌కబావ్ వాళ్ళకి ఉంది. కళాశాల అధ్యాపకులు పాశ్చాత్య స్వరస్థానాలకి శ్రుతి చేసిన తలెంపోంగ్ తయారు చేయించారు. బల్లల మీద వరసగా పేర్చి, స్వరసమ్మేళనాలతో, వేదిక మీద కూర్చునో నిలబడో వాయించే ‘తలెంపోంగ్ క్రెయాసి’ పుట్టింది. ఇప్పుడు విదేశాల్లో మినంగ్‌కబావ్ సాంస్కృతిక కార్యక్రమం అంటే ఎక్కువగా వినపడేది అదే.

జెన్నిఫర్ ఫ్రేజర్ 2015లో రాసిన ‘గాంగ్స్ అండ్ పాప్ సాంగ్స్’ ఈ కథంతా చెబుతుంది. ఆవిడ మెచ్చుకోదగ్గ పని ఏమిటంటే, పల్లెది అసలు, కళాశాలది నకిలీ అని తీర్పు చెప్పేయకపోవడం. కొత్త తలెంపోంగ్ కూడా ఒక కాలపు రాజకీయానికి వాళ్ళు చెప్పుకున్న జవాబేనని చూపిస్తారు. ఇంతవరకూ నేను ఒప్పుకుంటాను. నా వృత్తి సాఫ్ట్‌వేర్. ఒక ప్రమాణం లేకపోతే రెండు యంత్రాలు మాట్లాడుకోలేవని నాకు బాగా తెలుసు. ఒకే శ్రుతి ఉంటేనే గిటారు పక్కన తలెంపోంగ్ నిలబడగలదు, ఒక ఊరివాడు ఇంకో ఊరి బృందంలో వాయించగలడు. కానీ ప్రమాణం తెచ్చినప్పుడు దేన్ని వదులుకున్నామో రాసి పెట్టుకోవడం కూడా మా వృత్తిలో భాగమే. ఇక్కడ వదులుకున్నది కొన్ని స్వరాలను కాదు. ఏ ఊరి గంటలో వినగానే పోల్చుకునే శక్తిని. ఆ నష్టాన్ని ‘అభివృద్ధి’ అని పిలిచిన కరపత్రాలతోనే నాకు పేచీ, కళాశాలతో కాదు. ఎందుకంటే అదే కళాశాల సలువాంగ్, రబాబ్ విద్వాంసులకి తరగతి గదిలో చోటిచ్చింది. అదీ ఆ ఊరి కూడలి స్వభావమే. రెండు దారులూ అక్కడే కలుస్తాయి.

తీరానికి దిగితే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. పరియమాన్‌లో మొహర్రం సందర్భంగా జరిగే తబుయిక్ ఉత్సవంలో ‘తసా’ అనే చిన్న డోలు దద్దరిల్లుతుంది. బెంకులెన్‌లోని ఆంగ్లేయుల కొలువులో పనిచేసిన భారత సిపాయిల వెంట ఈ ఉత్సవం వచ్చిందని చెబుతారు. మన ‘తాషా మరపాలు’లోని తాషాకి అది స్వయానా చుట్టం. పీర్ల పండగ ఎరిగినవాళ్ళకి ఆ సందడి కొత్తగా అనిపించదు. చోటు మారినా వాయిద్యం బతికింది. ఎందుకంటే అక్కడ దానికి పని దొరికింది, దాన్ని ఏటా వీధిలోకి తెచ్చే సందర్భం దొరికింది.

మనకి సంబంధించిన ప్రశ్న ఇక్కడుంది. వలస వచ్చినవాళ్ళం వాయిద్యాన్ని తెచ్చుకుంటాం గానీ దాని పనిని తెచ్చుకోలేం. డప్పు సంగతే చూడండి. చర్మం చెమ్మగిల్లి వదులైతే మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. ఆ కాచుకునే కాసేపట్లో కబుర్లుంటాయి, ఏ దరువు కొట్టాలో మాటలుంటాయి. మన సంఘాల ఉత్సవాలు జరిగే హాల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి ఫైబర్ డప్పు కొన్నాం. అది ఎప్పుడూ వదులవదు, ఎప్పుడూ ఒకేలా మోగుతుంది. ఎనిమిది నిమిషాల కార్యక్రమానికి అదే సౌకర్యం. వద్దని నేను అనను. తలెంపోంగ్ క్రెయాసి వద్దని అననట్టే.

అయితే పిల్లలకి ఆ డప్పు చేతికిచ్చేటప్పుడు ఇది ‘తెలుగువారి వాయిద్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఏ ఊళ్ళో, ఎవరు, ఏ పనికి, ఏ దరువు కొట్టేవారో చెప్పాలి. పుట్టిన ఊరి దరువు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వేసవికి మనవల్ని చూడ్డానికి వచ్చి, హాల్లో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతున్నారు. వచ్చే ఏడాది కార్యక్రమానికి ముందు రిహార్సల్‌కి వాళ్ళని పిలిచి, ‘మీ ఊళ్ళో ఇది ఎలా కొట్టేవారు?’ అని అడిగి, చెప్పింది రికార్డు చేసి ఉంచడానికి మంటా అక్కర్లేదు, హాలు వాళ్ళ అనుమతీ అక్కర్లేదు.