బక్‌స్కిన్ ఇరుకులో నడక

అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దు ఎడారిలో పరియా నది ప్రవహిస్తుంది. దాని ఉపవాగు పేరు బక్‌స్కిన్ గల్చ్. ఏడాదిలో చాలా రోజులు పారకుండా ఉండే ఈ వాగు ఎర్రటి ఇసుకరాతిని నిలువునా కోసి, దాదాపు 20 కిలోమీటర్ల పొడవున ఒక ఇరుకు లోయను మిగిల్చింది. ప్రపంచంలో ఇంత పొడవైన ఇరుకు లోయ మరొకటి లేదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడలు వంద మీటర్లకు పైగా లేచి ఉంటాయి కాబట్టి అడుగున నడిచేవారికి ఆకాశం సన్నని పట్టీలా కనిపిస్తుంది. వైర్ పాస్ అనేచోట ఇందులోకి దిగినవారు పరియాలో కలిసి, కొలరాడో నది ఒడ్డున ఉన్న లీస్ ఫెర్రీ చేరాలంటే సుమారు 70 కిలోమీటర్లు నడవాలి. నింపాదిగా నాలుగైదు రోజుల నడక. ఎడారి లోయల్లో నడిచే విద్యకు ఇంతకు మించిన బడి లేదు.

ఈ రాతిని నవాహో ఇసుకరాయి అంటారు. డైనోసార్ల కాలం నాటి ఇసుక తిన్నెలు గట్టిపడి రాయిగా మారాయి. గాలికి పేరుకున్న ఆ పొరల వాలు గోడల మీద ఇప్పటికీ గీతలు గీతలుగా కనిపిస్తుంది. ప్రాచీన ఆదివాసులు ఇక్కడి బండల మీద కొండగొర్రెల బొమ్మలు చెక్కారు. 1776లో డొమింగెజ్, ఎస్కలాంటే అనే స్పానిష్ మతగురువుల బృందం పరియా ముఖద్వారం దగ్గర కొలరాడో నదిని దాటలేక అవస్థపడింది. 1871లో జాన్ డి. లీ అనే మోర్మన్ మతస్థుడు పరియా లోయగుండానే పశువులను తోలుకెళ్లాడు. లీస్ ఫెర్రీకి ఆయన పేరే వచ్చింది. 1984లో ఈ ప్రాంతాన్ని రక్షిత సహజ ప్రాంతంగా ప్రకటించారు.

ఈ నడకలో మొదటి పాఠం ఆకాశానిదే. తలమీద ఎండ కాస్తోందని ధైర్యపడితే ప్రాణానికే ముప్పు. వాన ఎక్కడో పదుల కిలోమీటర్ల అవతల, కంటికి కనిపించని ఎగువన పడుతుంది. రాతినేల జడివానను అంత వేగంగా పీల్చుకోలేదు. ఆ నీరంతా చీలికలోకే దూకుతుంది. 1997 ఆగస్టు 12న ఇదే ప్రాంతంలోని ఆంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు కొట్టుకుపోయినప్పుడు వాళ్లున్నచోట వాన జాడే లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ముప్పు ఎక్కువ, అలాగని మిగతా నెలలను నమ్మడానికీ లేదు. 2023 మార్చిలో బక్‌స్కిన్‌లో దిగిన ఇద్దరిని వరద బలితీసుకుంది. అనుభవం ఉన్న నడకరి ముందుగా ఎగువ ప్రాంతాల వాతావరణ సూచన చూస్తాడు. లోపల అడుగుపెట్టాక గోడల మధ్య ఇరుక్కున్న దుంగలను చూసి పాత వరదల ఎత్తు లెక్కగడతాడు. ఆ దుంగలు మనిషి తలకు ఎన్నో నిలువుల పైన ఉంటాయి. రాత్రి మకాం ఎక్కడ వేయాలో, ఏ మలుపు దగ్గర పైకెక్కే వీలుందో నడుస్తూనే గుర్తుపెట్టుకుంటాడు. బక్‌స్కిన్‌లో అలాంటి చోట్లు చాలా తక్కువ.

రెండో పాఠం కాళ్లది. ఎండ సోకని మడుగులు వేసవిలోనూ గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. ఒక్కోసారి నడుములోతు, ఒక్కోసారి ఛాతీ లోతు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చలికి వణికి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవాళ్లు నియోప్రీన్ మేజోళ్లు తొడుక్కుంటారు, పొడిబట్టలను నీరు చొరని సంచిలో కడతారు. పరియాలో అడుగడుగునా నది దాటడమే పని. బురదనీటిలో అడుగు కనిపించదు కాబట్టి చేతికర్రే కన్ను. కర్ర దిగబడితే అక్కడ ఊబి ఉన్నట్టు. మోకాలి దాకా కూరుకుపోతే కంగారుగా పైకి గుంజుకోకూడదు. గుంజినకొద్దీ ఇసుక బిగుస్తుంది. వెనక్కి వాలి బరువు పరిచి, కాలిని మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే సందులోకి నీరు చేరి పట్టు వదులుతుంది. ఇది తెలిసినవాడికి ఊబి కాసేపు ఆలస్యం చేసే అడ్డంకి మాత్రమే.

పరియాలో కలవడానికి కొంచెం ముందు బండరాళ్ల అడ్డుకట్ట ఒకటి వస్తుంది. ఒక బండకు పూర్వం ఎవరో చెక్కిన పాదాల గూళ్లున్నాయి. ఇక్కడే నేర్పు బయటపడుతుంది. మంచి నడకరి ముందు మూటలను తాడుతో కిందికి దింపుతాడు. తర్వాత బండవైపు ముఖం తిప్పి, ఒక్కో గూడునూ కాలితో తడుముకుంటూ తొందరలేకుండా దిగుతాడు. ముందువాళ్లు వదిలేసిన తాళ్లు అక్కడ వేలాడుతుంటాయి. ఎండకు ఎండి, వరదకు నాని చీకిపోయిన ఆ తాళ్లను నమ్ముకోవడం అవివేకం.

తాగునీటి సంగతి మరో విద్య. పరియా నీటిలో మట్టి ఎంత ఉంటుందంటే వడపోత యంత్రం కొద్దిసేపట్లోనే మూసుకుపోతుంది. రాత్రంతా తేరనివ్వాలి, లేదా మన పల్లెల్లో బిందెడు నీళ్లలో చిల్లగింజ అరగదీసినట్టు పటిక వేసి కలపాలి. అంతకంటే మేలు ఊటల ఆచూకీ తెలుసుకోవడం. ఇసుకరాయి వాననీటిని ఏళ్ల తరబడి ఇంకించుకుని, అడుగున నీరు దిగని పొర తగిలినచోట వదులుతుంది. అలాంటిచోట గోడమీద పచ్చని ఫెర్న్ మొక్కలు వేలాడతాయి. ఎర్రటి రాతి నడుమ ఆ పచ్చదనాన్ని దూరం నుంచే పసిగట్టగలిగినవాడు నీళ్ల బరువు మోయనక్కర్లేదు.

ఈ విద్యలో మహామహులున్నారు. అందరిలోకీ పెద్ద హార్వే బుచార్ట్. ఫ్లాగ్‌స్టాఫ్‌లో గణితం బోధించిన ఈ ఆచార్యుడు గ్రాండ్ కాన్యన్‌లో, దారులు లేనిచోట దారులు వెతుకుతూ, నలభై ఏళ్లకు పైగా దాదాపు 12 వేల మైళ్లు నడిచాడు. చూసిన ప్రతి సందునూ లెక్కల మాస్టారి శ్రద్ధతో రాసిపెట్టాడు. 1963లో కోలిన్ ఫ్లెచర్ అనే నడకరి అప్పటి గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కును ఒక కొసనుంచి మరో కొసకు ఒకే విడతలో నడిచి చరిత్రకెక్కాడు. దారి చెప్పినవాడు బుచార్ట్. పేరంతా ఫ్లెచర్‌కు వచ్చింది కానీ ఆ కొండల అంతరంగం తెలిసింది బుచార్ట్‌కే. లోకానికి ఎక్కువగా తెలిసిన పేరు మాత్రం ఆరన్ రాల్‌స్టన్. 2003లో బ్లూజాన్ కాన్యన్‌లో బండకింద చెయ్యి ఇరుక్కుపోతే అయిదు రోజుల తర్వాత దాన్ని తానే కోసుకుని బయటపడ్డాడు. రెహమాన్ సంగీతం అందించిన ‘127 అవర్స్’ సినిమా ఆ కథే. అతని గుండెధైర్యం అసామాన్యం. కానీ ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా దిగడం ఈ విద్య మొదటి నియమానికే విరుద్ధం. ఏనాడూ వార్తల్లోకి ఎక్కకుండా, వెళ్లినంత క్షేమంగా తిరిగొచ్చిన నడకరులే అసలు గురువులు.

ఇంతటి విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తొలి దెబ్బ 1963లో పడింది. కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూయడంతో ఇలాంటి పక్కలోయలు ఎన్నో పావెల్ సరస్సు అడుగుకు పోయాయి. ‘కెథీడ్రల్ ఇన్ ది డెజర్ట్’ అని పిలిచిన రాతి మండపం కరవుకు సరస్సు దిగినప్పుడల్లా బురద చారలతో బయటపడుతోంది. మిగిలిన లోయలను ఫోన్ తెర మింగేస్తోంది. ఎవరో నడిచిన గీతను ఫోన్‌లో పెట్టుకుని, తల ఎత్తకుండా దాని వెంట పోయేవారికి గోడమీది దుంగ కనిపించదు, ఊట కనిపించదు. మెత్తటి ఇసుకరాతి మీద కత్తితో పేర్లు, తేదీలు, ప్రేమగుర్తులు చెక్కుతున్నారు. ప్రాచీన కొండగొర్రె బొమ్మ పక్కన నిన్నటి పేరు! ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉండదు.

లాస్ వేగాస్ ట్రిప్పులో ఆంటెలోప్‌ను చూసి, గైడు చూపినచోట నిలబడి ఫోటో దిగి వచ్చే మన తెలుగు కుటుంబాలు కూడా చాలానే ఉన్నాయి. నవాహో ఆదివాసుల భూమిలో వారి గైడుతో వెళ్లాలన్న నియమం న్యాయమైనదే, చూసిన అందమూ నిజమే. కానీ ఆ కాసేపటినే లోయ నడక అనుకోవడం మాత్రం తగదు.

పరియా, బక్‌స్కిన్‌లలో రాత్రి బసకు రోజుకు 20 మందినే అనుమతిస్తారు. మంట వేయకూడదు, మలాన్ని కూడా సంచిలో బయటికి మోసుకురావాలి. ఈ కట్టుబాట్లు ఎంతమాత్రం సడలకూడదు. పగటిపూట వచ్చిపోయేవారికి ఇలాంటి సంఖ్యా పరిమితి లేదు. గోడల మీది గీతలు ఇంకా పెరగకముందే వారికీ ఒక పరిమితి పెట్టాలి. ఆ వరసలో చోటు దొరకనివారు మరో ఏడాది ఆగాలి.