పట్టుకునే చేయి

ఉల్లిపాయ తరిగేవాళ్ళను చూస్తున్నప్పుడు మన కళ్ళు కత్తి ఉన్న చేతి మీదే ఉంటాయి. రెండో చేతిని ఎవరూ పట్టించుకోరు. ఉల్లిపాయ దొర్లిపోకుండా అదిమి ఉంచేది ఆ రెండో చేయే. కత్తి దగ్గరికి వచ్చేకొద్దీ వేళ్ళను వెనక్కి జరుపుకుంటూ మళ్ళీ అదుముతుంది. బొత్తాం పెట్టేటప్పుడు ఒక చేయి బొత్తాన్ని తోస్తుంది, ఇంకోటి కాజాను తెరిచి పట్టుకుంటుంది. సీసా మూత తిప్పే చేయి ఒకటి, సీసా తిరగకుండా ఆపే చేయి ఒకటి. ఏ పని తీసుకున్నా దాదాపు ఇదే లెక్క: ఒక చేయి చేస్తుంది, రెండోది పట్టుకుంటుంది. ఒక చేయి లేనివాళ్ళకు కరువయ్యేది ఈ పట్టు. అది ఎక్కడ దొరుకుతుంది, దేని చేత పట్టించాలి అన్నదే పొద్దున లేచింది మొదలు వాళ్ళు చేసే ఇంజనీరింగు.

మా వదినకు ఎడమచేయి మోచేతి పైనుంచి లేదు. నూర్పిడి యంత్రంలో పోయింది. ఇలాంటి యంత్రాల కోసమే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పనలు పెట్టే తొట్టి పొడవుగా, పైన మూసి ఉంటే చేయి లోపలి పళ్ళదాకా చేరదు. అంత చిన్న రేకు ముక్క విషయం అది. ఆ రోజు సంగతి వదిన చెప్పదు, నేనూ అడగను. నేను చూసేది ఆమె చీర కట్టుకోవడం. మంచి వడ్రంగి గుమ్మానికి తలుపు బిగిస్తుంటే నిలబడిపోయి చూస్తామే, అలా చూస్తాను.

ముందు జాకెట్టు. ఎడమ స్లీవును మొదట భుజందాకా ఎక్కిస్తుంది. తర్వాత బట్టను వీపు మీదుగా లాక్కుని కుడిచేయి దూరుస్తుంది. విప్పేటప్పుడు తిరగేసి: కుడిచేయి ముందు, ఎడమ భుజం ఆఖర్న. పక్షవాతం వచ్చినవాళ్ళకైనా, చేతికి కట్టు కట్టినవాళ్ళకైనా ఆక్యుపేషనల్ థెరపిస్టులు నేర్పే వరస ఇదే. కారణం బట్టలోనే ఉంది. మొదటి స్లీవు ఎక్కించేటప్పుడు జాకెట్టు మొత్తం వదులుగా ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. రెండోదాని వంతు వచ్చేసరికి వీపు మీద బిగుసుకుపోతుంది. ఆ ఇరుకులో మెలిక తిరిగి దూరగలిగేది మంచి చేయి ఒక్కటే.

అసలు నేర్పు హుక్కుల దగ్గర. వెనక హుక్కుల జాకెట్ల జోలికి వదిన పోదు. ముందు హుక్కులైనా, రెండు అంచులనూ దగ్గరికి తేవాలి, తెచ్చినవాటిని అక్కడే ఉంచాలి, ఆ సందులో హుక్కును కాజాలోకి జార్చాలి. మూడు పనులకూ కలిపి ఉన్నది ఐదు వేళ్ళు. బొటనవేలితో ఒక అంచును అడ్డుకుంటుంది, చూపుడువేలూ మధ్యవేలూ కలిపి రెండో అంచును లాగుతుంది, చిటికె వేసినట్టు రెండింటినీ కలుపుతుంది. మొదలుపెట్టే చోటు చూడాలి. జాకెట్టుకు బిగువంతా కింది పట్టీ దగ్గర ఉంటుంది, మెడ దగ్గర తక్కువ. అందుకని పైనుంచి కిందికి వస్తుంది. పై హుక్కు పడగానే దాని కింద అంచుల మధ్య ఎడం తగ్గుతుంది. పడిన హుక్కు ఇక అంచులను వదలదు కాబట్టి కిందిదానికి అదే రెండో చేయి. ఇలా దిగుతూ దిగుతూ బిగువైన చోటికి వచ్చేసరికి పైవన్నీ కలిసి సగం పని చేసేసి ఉంటాయి.

హుక్కుల బదులు వెల్క్రో కుట్టించుకునేవాళ్ళున్నారు. 1941లో స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలను మైక్రోస్కోపులో పెట్టి చూశాడు, ఆ కొంకీల్లోంచి పుట్టింది అది. ఒంటిచేతికి అంతకన్నా సులువైనది లేదు. వదిన మాత్రం ఒప్పుకోదు. "నూలంతా పట్టుకుంటది, నాలుగు ఉతుకులకి పట్టు పోతది. నలుగురిలో చర్రుమంటే బాగుంటదా అమ్మాయ్?" అంటుంది.

తర్వాత లంగా బొందు. ఒంటిచేత్తో ముడి వేయొచ్చు కానీ బిగువు నిలవదు. మొదటి మడత బిగించి రెండోది వేసేలోపు మొదటిది సడలిపోతుంది. చీర బరువంతా వేలాడేది ఈ బొందు మీదే. ఎలాస్టిక్ వేస్తే ఆ బరువుకు సాగి మధ్యాహ్నానికి కిందికి జారుతుంది. మా ఊరి టైలరూ వదినా కలిసి దీనికి చేసిన ఏర్పాటు నాకు మహా ఇష్టం. గుండ్రటి బొందు తీసేసి బెత్తెడులో మూడో వంతు వెడల్పున్న గట్టి పట్టీ పెట్టారు. పట్టీ ఒక కొసను నడుం ఎడమవైపు కుట్టేసి, అక్కడే అరచందమామ ఆకారంలో రెండు స్టీలు రింగులు పక్కపక్కన బిగించారు. రెండో కొస కుడివైపు నుంచి వచ్చి రెండు రింగుల్లోంచీ దూరి, వెనక్కి మళ్ళి, మొదటి రింగు మీదుగా రెండోదాని కిందుగా బయటికి వస్తుంది. కొన్ని హెల్మెట్ల గడ్డం పట్టీకి ఉండేది ఇదే. కొసను కుడివైపుకు లాగితే పట్టీ బిగుస్తుంది. చేయి వదిలినా సడలదు, ఎందుకంటే నడుం లాగేకొద్దీ ఒక రింగు రెండోదాని మీద పడి మధ్యలో ఉన్న పట్టీని నొక్కేస్తుంది. విప్పాలంటే పై రింగును వేలితో ఎత్తితే చాలు. పట్టీ పొడవుగా ఉంది కనక వదులు చేస్తే తుంటి మీంచి లంగా దిగిపోతుంది, రింగుల్లోంచి కొస ఎప్పుడూ బయటికి రానక్కర్లేదు. రోజూ కొసను రింగుల్లోకి ఎక్కించే బాధ అలా తప్పింది.

ఇక చీర. ఐదున్నర మీటర్ల బట్ట. అందరం చేసేది ఏమిటంటే, కుడివైపు ఒక కొస దోపి, మిగతాదాన్ని ఎడమచేత్తో వెనక్కి తీసుకెళ్ళి, వీపు వెనక కుడిచేతికి అందిస్తాం. అందుకునే చేయి లేనప్పుడు? చీరను మంచం మీద పరుస్తుంది, కొస దోపుకుంటుంది, తానే కుడివైపుకు ఒక చుట్టు తిరుగుతుంది. చీర ఆమె చుట్టూ తిరగదు, ఆమె చీరలోకి తిరుగుతుంది. బట్టను మంచం పట్టుకుంటుంది. కదిలేదాన్ని ఆపి, ఆగినదాన్ని కదిలించడం. వదిన చేసే పనుల్లో సగం ఈ తిరగేయడంతోనే తెమిలిపోతాయి.

పమిట పని ముందురోజు రాత్రే అవుతుంది. మంచం మీద పరిచిన బట్ట తన బరువుకు తానే కదలకుండా ఉంటుంది కాబట్టి, మడతలు ఒక్కొక్కటే వేసి, సరిచేసి, పిన్నీసు గుచ్చి పెడుతుంది. పొద్దున ఆ మడతల దొంతరను ఎడమ భుజం మీదికి విసిరి గడ్డంతో అదిమిపెడుతుంది. గడ్డం కిందనుంచి కుడిచేయి వెళ్ళి జాకెట్టుకు ఇంకో పిన్నీసు పెడుతుంది. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ పేటెంటు తీసుకున్న ఈ చిన్న తీగలో ఒంటిచేతికి కావలసినదంతా ఉంది. అడుగున ఉన్న చుట్టే స్ప్రింగు. ఆ చుట్టును చూపుడువేలి మొదట్లో ఆనించి బొటనవేలితో మొనను టోపీలోకి నెడితే స్ప్రింగే దాన్ని అక్కడ నొక్కి ఉంచుతుంది.

అప్పుడు కుచ్చిళ్ళు. పమిట భుజం దగ్గరా, చుట్టు నడుం దగ్గరా కట్టేసినట్టే ఉన్నాయి కాబట్టి మధ్యలో వేలాడే బట్ట ఎక్కడికీ పోదు. పై అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చిటికెనవేలిని చాచి జానెడు దూరంలో అంచును కొక్కెంలా లాక్కొస్తుంది. బొటనవేలు ఒక్క క్షణం ఎత్తి కొత్త మడతను కూడా కిందికి తీసుకుంటుంది. ప్రతి కుచ్చీ సరిగ్గా ఆమె జాన కొలతే, అందుకే అన్నీ ఒక్క వెడల్పున పడతాయి. చివర బట్టల క్లిప్పు ఒకటి తగిలించి, ఒకసారి విదిలించి, కింది అంచులు సమంగా ఉన్నాయో లేదో చూసుకుని బొడ్డు దగ్గర దోపి, క్లిప్పు తీసేస్తుంది.

వదిన బీరువాలో మంగళగిరి నూలు చీరలు ఎక్కువ ఎందుకున్నాయో ఇదంతా చూశాక తెలుస్తుంది. బిగువైన నేత, పైన గంజి. వేసిన మడత వేసినట్టు నిలబడుతుంది. జార్జెట్టు అయితే ఒక కుచ్చి వేసేలోపు ముందుది జారిపోతుంది. పెళ్ళిళ్ళకు పెట్టిన సింథటిక్ చీరలన్నీ మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. ఆ రుచిని నేను అందం లెక్కన కూడా సమర్థిస్తాను.

జుట్టు సంగతి తొందరగా చెప్పేయొచ్చు. మూడు పాయల జడ మానేసింది. తల ముందుకు వంచితే జుట్టంతా తనంతట తానే ఒక చోటికి వస్తుంది. వేళ్ళకు ముందే చాపి పెట్టుకున్న రబ్బరుబ్యాండులోంచి దాన్ని లాగి, మెలితిప్పి, మళ్ళీ లాగుతుంది. పైన ఒక క్లచ్చరు.

వంటింట్లో వదినకు మన పాత సామానే ఎక్కువ సాయం. కత్తిపీటను చూడండి. కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటను పట్టుకునేది కాలు. బెండకాయ, వంకాయ, బీరకాయ ఒంటిచేత్తోనే అంచుకు ఆనించి తోస్తుంది. దొర్లే గుమ్మడికాయ వస్తే మాత్రం ఎవరినైనా పిలవాల్సిందే. పట్టకారు కూడా అంతే, ఒక్క గుప్పిటలో గిన్నె అంచు బిగుస్తుంది. చెక్కు తీయాల్సిన దుంపలకు వేరే ఏర్పాటు: చెక్కపలకలోంచి రెండు స్టీలు మేకులు పైకి పొడుచుకుని ఉంటాయి, ఆలుగడ్డను వాటికి గుచ్చి పీలరు ఆడిస్తుంది. పలక కింద తడిగుడ్డ. తడిసి పిండిన గుడ్డ గచ్చుకు కరుచుకుంటుంది, పలక జరగదు. పచ్చడి సీసాను సొరుగులో నిలబెట్టి, తుంటితో సొరుగు మూసి నొక్కి, మూత తిప్పుతుంది.

అన్నం దగ్గర అసలు ఇబ్బందే లేదు. కలపడం, ముద్ద చేయడం, నోట్లో పెట్టుకోవడం మనకు మొదటినుంచీ ఒక్కచేతి పనులు. పంక్తిలో కూర్చుంటే ఆమెకూ పక్కనున్నవాళ్ళకూ తేడా కనిపించదు. చాకూ ఫోర్కూ పట్టేవాళ్ళకు అలా కాదు. 1797లో టెనెరిఫే దాడిలో కుడిచేయి పోగొట్టుకున్న ఇంగ్లీషు నౌకా సేనాని నెల్సన్ ఆ తర్వాత చాకూ ఫోర్కూ ఒకే పిడికి కలిపి చేసిన పనిముట్టుతో తినేవాడు. ఇప్పుడు దొరికే ఒంటిచేతి చాకులకు అంచు వంపు తిరిగి ఉంటుంది. ముందుకూ వెనక్కూ కోస్తే ముక్క చాకుతోపాటు జరుగుతుంది, దాన్ని ఆపడానికి ఫోర్కు కావాలి. వంపు అంచును పైనుంచి నొక్కి ఊపితే ఆ నొక్కుడే ముక్కను పళ్ళేనికి అదిమి ఉంచుతుంది. కోతా పట్టూ ఒకే కదలికలో అయిపోతాయి. అయితే మన పద్ధతి అందరినీ సమానంగా చూడదు. వదినకు పోయింది ఎడమది కాబట్టి సరిపోయింది. కుడిచేయి పోయినవాళ్ళు ఎడమచేత్తో ముద్ద ఎత్తినప్పుడు, పసుపూ కుంకుమా అందుకున్నప్పుడు ఎదుటివాళ్ళ చూపులు భరించాలి. దానికి ఏ టైలరూ రింగు కుట్టలేడు.

నన్ను అన్నిటికన్నా ఆలోచనలో పడేసింది స్నానాలగది. చేయి ఒళ్ళంతా కడుగుతుంది, మరి ఆ చేతిని ఎవరు కడగాలి? కుడి మోచేయి, కుడి చంక, కుడిచేతి గోళ్ళు కుడిచేతికి సరిగా అందవు. వదిన తొడ మీద సబ్బు నురగ చేసి మోచేతిని దాని మీద రుద్దుతుంది. గోడకు రబ్బరు కప్పుతో అతికే బ్రష్షు ఉంది, గోళ్ళు వెళ్ళి దానికి రాసుకుంటాయి. గోళ్ళు కత్తిరించుకునే నెయిల్ కట్టరును చిన్న చెక్కకు బిగించి పెట్టింది. దాని మీటను మడమతో నొక్కుతుంది, వేలు కింద పెడుతుంది. తడిబట్ట పిండాలంటే కుళాయి మెడకు చుట్టి రెండు కొసలూ కలిపి ఒకేవైపు మెలితిప్పుతుంది. కుళాయి కదలదు కాబట్టి నీళ్ళన్నీ కారిపోతాయి.

కృత్రిమ చేయి ఒకటి ఇచ్చారు. మోచేతి పైనుంచి లేనప్పుడు అది బరువెక్కువ, ఎండాకాలం పట్టీల కింద చెమట, స్పర్శ ఉండదు. పెళ్ళి ఫొటోలకు పెట్టుకుంటుంది. ఆమెకు అసలు దిగులు కుడి భుజం. రెండు చేతుల పని ఒక్కటే మోస్తే కీళ్ళు ముందే అరుగుతాయని థెరపిస్టు హెచ్చరించింది. అందుకే బిందె మోయదు, చెంబులతో పోస్తుంది. బియ్యం బస్తా ఇరవై ఐదు కిలోలది కాదు, ఐదేసి కిలోల సంచులు తెప్పిస్తుంది. బద్ధకమని అత్తవారింట్లో ఒకప్పుడు అనుకున్నారు.

గాజులు మాత్రం అందరిలాగే. మలారం ఆవిడ వస్తే రెండు చేతులున్నవాళ్ళు కూడా ఒక చేయి ఆమెకు అప్పగించాల్సిందే. ఆవిడ బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళ మొదటి కణుపులను దగ్గరికి నొక్కి, గాజును అక్కడ ఒక వంపు తిప్పి లోపలికి జారుస్తుంది. తన చేతికి తాను గాజులు ఇంత నేర్పుగా తొడుక్కునేవాళ్ళను నేను చూడలేదు. వదినతో ఆవిడకు ఉన్న పేచీ వేరే. డజను అయితేనే ఇస్తానంటుంది ఆవిడ, అరడజను చాలంటుంది వదిన. చివరికి డజనే కొంటుంది. పగిలినప్పుడు జతకు పనికొస్తాయని మిగతా ఆరూ బీరువాలో దాస్తుంది.