పాఠాంతర పరిశీలనమున ‘డిఫ్’ సాధనము

ఒక కావ్యముయొక్క రెండు తాళపత్రప్రతులకు నకళ్లు వ్రాయించి, వానిని కంప్యూటరునందు రెండు ఫైళ్లుగా నెక్కించి, ‘డిఫ్’ అను సాధనముచే సరిపోల్చి, పంక్తులలో సగమునకుఁ బైగా భేదించుటంజేసి యా ప్రతులు వేర్వేఱు శాఖలకుఁ జెందినవనియు, అర్వాచీనమగు రెండవ ప్రతిని పరిష్కరణమున విడువవచ్చుననియు నా మిత్రులొకరు నిశ్చయించిరి. వ్యాసమును ముద్రణకుఁ బంపకమునుపు నాకుఁ జూపిరి. చదివి నేనును సరియే యంటిని. పిదప నా ఫైళ్లను దెప్పించుకొని స్వయముగాఁ బరికింపఁగా నా మాట తొందరపాటని తేలినది. సాధనము చెప్పినది సత్యమే. దానిని మేము చదివిన తీరు తప్పు. మఱియొకరికిని నిట్టి పొరపాటు రాఁగూడదని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

డిఫ్ సాహిత్యపరిశోధనకై పుట్టినది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ గారు దీనిని రచించిరి. 1974లో వెలువడిన యూనిక్సు అయిదవ కూర్పుతో నిది ప్రచారమునకు వచ్చెను. 1976లో జేమ్స్ హంట్ గారితోఁ గూడి దీని పద్ధతిని వివరించు పత్రమొకటి ప్రకటించిరి. ప్రోగ్రాములు వ్రాయువారు నిన్నటి ప్రతికిని నేఁటి ప్రతికిని నడుమ జరిగిన మార్పును గుర్తించుట దీని ముఖ్యప్రయోజనము. అట్టిచోట నేది పూర్వమో యేది పరమో వాడువారికి ముందే తెలిసియుండును. మన ప్రతుల విషయమునఁ దెలియనిదియే యది.

దీనిని వాడుటకు బొమ్మలతోఁ గూడిన తెరలేవియు నక్కఱలేదు. ఆజ్ఞలు వ్రాయు పంక్తియందు ‘డిఫ్’ అని వ్రాసి, వెంట రెండు ఫైళ్ల పేళ్లను వరుసగా వ్రాసి యెంటరు మీట నొక్కిన చాలును. రెండును సమానములైనచో నది యొక్క మాటయుఁ బలుకదు. భేదమున్నచోఁ బంక్తిసంఖ్యల నడుమ ఏ, సీ, డీ అను రోమకాక్షరములలో నొకదానిని నిలుపును. ‘ఏ’ యనఁగా నచట నొకటి చేర్పవలెననియు, ‘డీ’ యనఁగా నున్నదానిని దీయవలెననియు, ‘సీ’ యనఁగా నొకదాని స్థానమున వేఱొకటి నిలుపవలెననియు నర్థము. వ్యాకరణము చదివినవారు వీనిని వెంటనే గుర్తుపట్టుదురు. ఆగమము, లోపము, ఆదేశము నను మూఁడు కార్యములే యివి. మొదటిసారి యీ యక్షరములను జూచినపుడు నాకుఁ గలిగిన సంతోష మింతింత కాదు. ఆ సంతోషమే నన్ను మోసగించినదేమో!

ఏలయన, ఆదేశలోపాగమములు ప్రక్రియకుఁ జెందినవి. స్థానియగు శబ్దమునుండి సిద్ధరూపమును సాధించుటకు శాస్త్రకారుఁడు కల్పించుకొన్న మార్గమది. లోకమున నెవ్వఁడును మొదట స్థానిని పలికి, పిదప దానిని దీసి, ఆదేశమును నిలిపి మాటాడఁడు. డిఫ్ చెప్పునదియు నట్టి ప్రక్రియయే: మొదటి ఫైలును రెండవ ఫైలుగా సాధించుటకు వలయు కార్యముల పట్టిక. వ్రాయసకాఁ డేమి చేసెనో యది చెప్పదు, చెప్పుదునని ప్రతిజ్ఞయుఁ జేయలేదు.

ఆ ప్రక్రియయందు లాఘవమే ప్రధానము. రెండు ఫైళ్లయందును వరుస తప్పక వచ్చు పంక్తుల సముదాయములలో మిక్కిలి పొడవైనదానిని గ్రహించి, తక్కినవానినే భేదములుగాఁ జూపుట దీని మూలసూత్రము. 1986లో యూజీన్ మయర్సు గారు ప్రకటించిన శీఘ్రపద్ధతియే నేఁటి గ్ను డిఫ్‌నకు నాధారము. పెద్ద ఫైళ్లయందు వేగమునకై యది లాఘవమునుగూడ నొకింత విడుచుట కలదు. లాఘవముచే వచ్చిన సమాధాన మెల్లప్పుడు నొక్కటియే యుండదు. ఒక ప్రతిలోఁ బద్యములు క, చ, ట అను వరుసనుండి, మఱియొకదానియందు చ, క, ట అని యున్నవనుకొందము. ‘క’ను దీసి ‘చ’ తరువాతఁ జేర్చినను సరియే, ‘చ’ను దీసి ‘క’ముందుఁ జేర్చినను సరియే. రెండింట నేది చెప్పినను ఖర్చొక్కటియే. జరిగినదో, పద్యముల వ్యత్యయము. స్థానమాఱుటకు డిఫ్‌నందు సంజ్ఞయే లేదు గనుక నొక్క వ్యత్యయము లోపముగాను నాగమముగాను రెండుమారులు లెక్కకెక్కును.

ఇఁక మిత్రుల ఫైళ్ల సంగతి. విండోసునందు వ్రాసిన ఫైలులోఁ బంక్తి చివర నదృశ్యచిహ్నమొకటి యధికముగా నుండును. దానిని వారు ముందే తొలఁగించి యుండిరి. మిగిలినవానిలో నధికభాగము రెండవ ప్రతి వ్రాయసకాని యొక్క యలవాటువలనఁ గలిగినది. అతఁడు రేఫమునకుఁ బరమైన హల్లును తఱచుగా ద్విత్వము చేయును. ధర్మము నతఁడు ‘ధర్మ్మము’ అని వ్రాయును. పాణిని వికల్పముగా నంగీకరించిన ద్విత్వమే యది. మన ప్రాచీనలిపులయందు సర్వసామాన్యము. కంప్యూటరు యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిరూపమునకు 18 బైట్లును, రెండవదానికి 24 బైట్లును వాడును. డిఫ్‌నకు రెండును వేర్వేఱు శబ్దములు. బిందువునకు మాఱుగా వర్గానునాసికమును వ్రాయుటయు నిట్టిదే.

వీనికన్న విచిత్రమైనవి కంటికిఁ గనఁబడని భేదములు. ‘వైద్యుఁడు’ అను పదము రెండు ఫైళ్లయందు నొక్కరీతిగానే కనఁబడుచుండఁగా డిఫ్ భేదము కలదనెను. తెర మీఁద భూతద్దము పెట్టి చూచినను నాకేమియుఁ దోఁపలేదు. పిదపఁ దెలిసినదేమనఁగా, యూనికోడునందు నైత్వము నొక్క సంకేతముగా నైనను, ఎత్వమును దాని క్రింది గుర్తును వేర్వేఱుగా రెండు సంకేతములుగా నైనను వ్రాయవచ్చును. రెండును సమానములని యూనికోడు శాసించినది. డిఫ్ మాత్రము బైట్లనే చూచును. నకళ్లను వ్రాసినవా రిరువురును వేర్వేఱు మీటల పలకలను వాడిరి. ఆ భేదము తాళపత్రమునకుఁ జెందినది కాదు, నేఁటి వ్రాఁతకాండ్రకుఁ జెందినది. పొల్లును తరువాతి హల్లుతోఁ గలియకుండ నిలుపుటకై వాడు నదృశ్యచిహ్నము నిట్టి తంటాలే తెచ్చినది. కావున రెండు ఫైళ్లను ముందుగా నొక్క సంకేతక్రమమునకుఁ దెచ్చి, పిదపఁ బోల్చుట యవశ్యము.

పదముల నడుమ ఖాళీలను లెక్కింపవలదని డిఫ్‌నకుఁ జెప్పవచ్చును. దానికి హైఫను తోడి ‘డబ్ల్యూ’ అక్షరము చాలును. తాళపత్రములయందుఁ బదవిభాగము లేదు గనుక నిది న్యాయమే. అయినను ‘తన కుమారుఁడు’ అని యొకరును, ‘తనకు మారుఁడు’ అని వేఱొకరును విడఁదీసినచో నా ఖాళీయే వ్యాఖ్యానము! దానిని విడిచి యొకసారియు, విడువక యొకసారియుఁ బోల్చి, రెండవదానిని బదవిభాగమున నకలువ్రాసినవా రెట్లు భావించిరో తెలిసికొనుటకు మాత్రమే వాడుట మేలని నా యభిప్రాయము. ఇఁక డిఫ్‌నకుఁ బంక్తియే ప్రమాణము గనుకఁ బద్యపాదమున కొక్క పంక్తి చొప్పున వ్రాయింపవలెను. తాళపత్రపంక్తుల ననుసరించి వ్రాయించినచో నొక్క మాట యధికమైనను వెనుకనున్న పంక్తులన్నియుఁ జెదరును.

ఈ తీరుగ వడపోయఁగా భేదములు మిక్కిలి తగ్గి, రెండు ప్రతులును నొక్క మాతృకకే చెందినవను విశ్వాసము కలిగినది. ద్విత్వము చేయు నలవాటొక్కటియే వందలకొలఁది భేదములుగా లెక్కకెక్కినది. దానికి విపరీతముగా, కృత్యాదియందలి సీసపద్యమున మొదటి ప్రతిలో నొక పాదమే లేదు. వరుసగా రెండు పాదములు నొక్క పదముతోనే ముగియుటచే వ్రాయసకాని చూపు మొదటిదానినుండి రెండవదానికి దుమికినట్లున్నది. ఆ పాదమునందే కృతిపతి తాతగారి యూరిపేరు కలదు. డిఫ్ దీనిని ‘ఏ’ యను నొక్క గుర్తుతో, ఒక్క పంక్తిగాఁ జూపి యూరకున్నది. సంఖ్యను మాత్రమే చదివిన మే మిరువురము దానిని దాఁటిపోతిమి. రెండవ ప్రతిని విడిచియుండినచో నీ పాదము పరిష్కరణమున నుండకయే పోయెడిది.

ఆ పాదము కవికృతమేయని యిప్పుడే చెప్పుటకు సాహసింపను. లోపమును జూచిన వేఱొక వ్రాయసకాఁడు కల్పించి పూరించె ననుటకును నవకాశము కలదు; పాదముయొక్క యుత్తరార్ధమున యతి పొసఁగుట లేదు. యతిస్థానమున ఫైలునందు ‘ష’ యని యున్నది. తాళపత్రమున నది ‘ప’ యగునేని యతి చక్కఁగాఁ గుదురును. ప్రాఁతవ్రాఁతలో నా రెండక్షరములకును భేదమొక్క గీఁటు మాత్రమే. మిత్రులు తమ వ్యాసమును వెనుకకుఁ దీసికొని యా యాకును జూచుటకు బయలుదేఱుచున్నారు. వారు చూచి వచ్చిన పిదప నా యక్షరమును గూర్చి మరల వ్రాయుదుము.