కప్పులు, కొంగలు, తుని స్టేషను

ఇన్‌లైన్ స్కేట్లు కట్టుకుని మొదటిసారి లేచి నిలబడిన పిల్ల బిగుసుకుపోతుంది. మోకాళ్లు నిటారుగా, ఒళ్లు వెనక్కి, చూపు కాళ్ల మీదికి. బూటు కింద ఒకే వరుసలో నాలుగు చక్రాలున్నాయి. ఒళ్లు వెనక్కి వాలితే అవి ముందుకు పరిగెడతాయి, పిల్ల వెల్లకిలా పడుతుంది. "మోకాళ్లు వంచమ్మా, వంచు" అని మొదట్లో నేను గొంతు పోయేలా చెప్పేదాన్ని. భయంతో ఉన్న పిల్ల చెవికి ఆ మాట ఎక్కదని తెలుసుకోవడానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు మోకాళ్ల ఊసే ఎత్తను. విశాఖలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్లు పక్కకు తీయించి, నున్నటి గచ్చు మీద పేపర్ కప్పులు బోర్లించి పెడతాను. ఎక్కువ కప్పులు ఏరినవాళ్లది గెలుపు. కప్పు అందాలంటే వంగాలి, వంగాలంటే మోకాలు మడవక తప్పదు. పిల్ల ధ్యాసంతా కప్పు మీదే ఉంటుంది, కాళ్లు వాటి పని అవి నేర్చుకుంటాయి. ఓ పెద్దావిడ మనవణ్ని దింపడానికి వచ్చి, కాసేపు చూసి అడిగారు: "ఏమ్మా, నేర్పుతున్నావా, ఆడిస్తున్నావా?"

"రెండూ ఒకటే మామ్మగారూ" అన్నాను. నేను నమ్మేదీ అదే.

కప్పుల కంటే ముందు కప్ప. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, మణికట్టు గార్డులు పెట్టుకున్నాక, నేను "కప్ప" అనగానే అందరూ ముందుకు వంగి మోకాళ్ల మీద దిగి, అరచేతులు ఆనించాలి. తర్వాత ఒక పాదం నేల మీద పెట్టి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆన్చి లేవాలి. ఓ పదిసార్లు కప్పలైన పిల్లలకు పడటమంటే ఆటలో ఒక భాగం అయిపోతుంది. ముందుకు పడటం వచ్చినవాడు వెనక్కి పడడు. ఈ ఒక్కటీ వస్తే మొదటి రోజుకు చాలంటాను.

తర్వాతది చేప. సుద్దముక్కతో నేల మీద పెద్ద చేప బొమ్మ గీస్తాను. మడమలు దగ్గర, వేళ్లు ఎడంగా పెట్టి మొదలుపెట్టాలి. రెండు కాళ్లూ చేప పొట్ట అంచుల వెంట విడిపోవాలి, వేళ్లు లోపలికి తిప్పితే తల దగ్గర కలుస్తాయి. కాలు ఎత్తకుండానే ముందుకు పోతున్నామని తెలిసిన క్షణంలో వాళ్ల ముఖాలు చూడాలి! ఒకసారి సుద్ద దొరక్క ముగ్గుపిండితో గీశాను. చక్రాలు దాని మీద జారి ఇద్దరు పిల్లలు పడ్డారు. పిండి మళ్లీ వాడలేదు. చిన్న రాళ్లు, సీసా మూతలు కూడా ఆటలోకి తేవొద్దు. అలాంటి గట్టి వస్తువు చక్రానికి అడ్డం పడితే బూటు టక్కున ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం ఆగదు. గుడ్డపీలికలు చక్రాల్లో చుట్టుకుంటాయి. పేపర్ కప్పు పాపం నలిగి ఊరుకుంటుంది.

ఒంటికాలి మీద జారడానికి కొంగ చాలు. రెండు గీతలు గీసి ఏరు అంటాను. కొంగలా ఒక కాలెత్తి ఏరు దాటాలి. వారం వారం ఏటిని కొంచెం వెడల్పు చేస్తాను.

అన్నిటికంటే కష్టం ఆగడం. అందుకే రైలు. దువ్వాడ, అనకాపల్లి, తుని, అన్నవరం అని వరుసగా నాలుగు పెద్ద గళ్లు గీస్తాను. ప్రతి స్టేషన్లోనూ ఆగాలి. మడమ వెనక రబ్బరు బ్రేకు ఉన్న కాలు ముందుకు జరిపి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు తగ్గి, వేళ్లు పైకెత్తాలి. అనకాపల్లిలో ఆగలేనివాళ్లు కూడా తునికి వచ్చేసరికి ఆగుతారు. కాస్త వచ్చినవాళ్లకు వెనకవాడు ముందువాడి నడుము పట్టుకుని నెట్టే రైలు కూడా ఉంది. స్కేటింగ్ రిలేలో బ్యాటన్ ఉండదు, వెనక నుంచి నెట్టి పంపడమే. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల, మహిళల జట్లు రెండూ 3000 మీటర్ల రిలేలో కాంస్యాలు తెచ్చాయి. ఆ సంగతి చెప్పాక మా రైళ్లలో నెట్టడం చాలా శ్రద్ధగా జరుగుతోంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. స్కూలు బూట్లలా, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని పెద్ద సైజు స్కేట్లు కొనకండి. చీలమండ లోపలికి ఒరిగిపోతుంది, ఇక ఏ ఆటా పనిచేయదు. రెండోది, చెయ్యి పట్టుకుని లాగొద్దు. పిల్ల బరువంతా మీ చేతి మీద వేలాడుతుంది, తన కాళ్ల మీదికి రాదు. కాసేపు మెట్ల మీద కూర్చోండి. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు ఓ పాతిక పేపర్ కప్పులు తెచ్చిపెట్టండి, మా దగ్గర అయిపోవచ్చాయి.